షంషాదక్క ఓటు

షంషాదక్క వేళ్ళకు గీతలు ఉండేవి కాదు. మీ బొటనేలు ఒకసారి ఎల్తురులో పెట్టి సూసుకోండి. సుట్లు సుట్లుగా సన్న గీతలుంటాయి గదా, అవి. ఏండ్ల తరబడి ఉడుకు నీళ్ళలో వేళ్ళు పెట్టి పట్టుగూళ్ళ పోగు తీసే మనిసికి అవి మిగలవు. తోలు తెల్లగా ఉబ్బి, నానబెట్టిన శెనగ్గింజ మాదిరి నున్నగా అయిపోతాది.

నా పేరు అహరోను. మదనపల్లె మిషన్ స్కూల్లో అయిదు దాకా సదివినా, అంతే. పుంగనూరులో ముక్తియార్ సాయిబు పట్టు షెడ్డులో చేరి ఇప్పటికి ఇరవై ఏండ్లు దాటింది. ఒక చరఖాకు ఇద్దరు మనుషులు కావాల. ఒకరు తొట్టి ముందర కూసోని, ఉడికిన గూళ్ళలోంచి పోగులు తీసి కలిపి ఇయ్యాల. ఇంకొకరు ఎనక నిలబడి సక్రం తిప్పాల. ఆమె తొట్టి కాడ, నేను సక్రం కాడ. పదారేండ్లు అట్లే పని సేసినాం. పెండ్లాం మొగం కంటే ఆమె వీపు జాస్తి సూసినా. ఆమె భుజం రవంత ఎత్తితే పోగు తెగిందని అర్థం, సక్రం ఆపాల. తల పక్కకు వంచితే నీళ్ళు సల్లారినాయని, పొయ్యి కాడ ఉండే మల్లప్పను కేకెయ్యాల. మాటలు తక్కువ. ఆ ఉడికిన పురుగుల కంపులో నోరు తెరవబుద్ధి కాదు.

ఆమె పుట్టింది పుంగనూరులోనే, కొత్తిండ్ల సందులో. వాళ్ళ నాయన పెండ్లిండ్లలో బిర్యానీ సేసే వంటమనిసి. వాళ్ళల్లో పెద్దమ్మ, సిన్నమ్మ కొడుకులకు పిల్లనిచ్చేది ఉండాది. మాకైతే అది అన్నాసెల్లెలు వరస. అట్ల పద్దెనిమిదేండ్లప్పుడు వాళ్ళ ఖాలా కొడుక్కిచ్చి సేసినారు. ఖాలా అంటే వాళ్ళ అమ్మ అక్క. ఆయన బెంగుళూరులో తోళ్ళ కంపెనీలో పని సేస్తా ఉండి, ఆ కంపెనీ సేటు కరాచీకి పోతే, సేటు ఎనకాల ఈయనా పోయినాడు. మొగుని ఎనకాల ఈమె. బొంబాయిలో ఓడ ఎక్కినారంట.

"దేశం మారతాండామని నాకేం తెలుసు అహరోనూ," అంటా ఉండె. "మొగుని ఊరికి పోతాండాననుకొన్నా. పెండ్లైన ఏ ఆడది పోదు?"

ఆడ పదేండ్లుండింది. బిడ్డలు ల్యా. మొగుడు కామెర్లొచ్చి సచ్చిపోయినాడు. ఈడ తల్లికి పక్షవాతమని జాబు పోయింది. తమ్ముడు బాబ్జాన్ బొంబాయి దాకా పోయి ఎదురుసూసి పిల్సుకొచ్చినాడు. అది అరవై రెండో సమచ్చరం. సంకలో ఒక గుడ్డల మూట, దాంట్లో ఒక పచ్చట్ట పుస్తకం. ఆ పచ్చ పుస్తకమే పాస్‌పోర్ట్. అది పాకిస్తాన్‌ది. పుట్టిన ఊరికి ఆమె ఇంకో దేశం మనిసిగా వచ్చింది. తల్లిని మూడేండ్లు సాకి, మట్టి సేసి, ఈడ్నే నిల్సిపోయింది. ఇంగ యాడికి పోతాది?

ఏడాదికొకసారి స్టేషన్‌కు పోయి ఇంకో ఏడాది ఉండనియ్యండని కాయితం పెట్టుకోవాల. ఊరు దాటాలంటే పర్మిషన్. బాబ్జాన్ బిడ్డ రజియాను కుప్పం ఇచ్చినారు. రజియా కానుపుకు ఈమె పోవాల గదా, పర్మిషన్ వచ్చేతలికి బిడ్డకు నామకరణం గూడా అయిపోయింది, ఇంగ పోల్యా.

ఒక తూరి నేను తోడు పోయినా స్టేషన్‌కు. గురప్ప అని కానిస్టేబులు. చెడ్డోడు కాదు. పది వేళ్ళ ముద్దర్లు తీసుకోవాల ఆయప్ప. సిరా పూసి కాయితం మింద ఒత్తితే పది నల్ల మచ్చలు పడె.

"ఏమ్మా, ముద్దర్లు యాడ పెట్టి వచ్చినావు? ఇంట్లో మర్సిపోయినావా?" అన్నాడు గురప్ప.

"ముక్తియార్ సాయిబు తొట్టిలో ఉండాయి సార్. పోయి ఎతుక్కోండి," అన్నింది ఆమె.

గురప్ప గూడా నవ్వినాడు. మళ్ళా ఇంకో కాయితం తీసినాడు. దాంట్లోనూ మచ్చలే.

"నీ మాదిరి మనిసి దొంగతనం సేస్తే మేం పట్టుకోలేం గదమ్మా," అన్నాడు.

"ఏం దొంగిలించాల సార్, ఈ ఊరినా? ఇది మాదే గదా," అన్నింది.

డెబ్బై ఒకటి యుద్ధంలో మాత్రం ఎవురూ నవ్వల్యా. రెండు వారాలు పొద్దున్నుంచి మాపటి దాకా స్టేషన్ అరుగు మింద కూసోబెట్టినారు. ఆమె తొట్టికి ఇంకో మనిసిని పెట్టినారు, పోగు సరిగ్గా రాల్యా. ఆమె తిరిగొచ్చిన పొద్దు మల్లప్ప పొయ్యిలోకి కట్టె తోస్తా, "ఏం పాకిస్తానక్కా, మీవాళ్ళు ఓడిపోయిరే," అన్నాడు. మల్లప్పకు నోరు దురద, అంతే.

ఆమె తలెత్తకుండా, "హౌ రా మల్లప్పా. ఆడ పదేండ్లు నన్ను మద్రాసీ అన్నారు. ఈడ పదేండ్లుగా పాకిస్తాన్ అంటాండారు. గెలిసినోళ్ళెవురో ఓడినోళ్ళెవురో నువ్వే సెప్పు," అన్నింది. ఆ మాటతో మల్లప్ప మళ్ళా ఎప్పుడూ ఆమెను ఆ పేరుతో పిలవల్యా.

డెబ్బై ఆరులో బాబ్జాన్ మదనపల్లెలో ఒక వకీలును పట్టుకొని దరఖాస్తు పెట్టించినాడు. ఆమెను ఈ దేశం మనిసిగా రాసుకోండని. పుట్టింది ఈడ, తల్లీతండ్రీ ఈడ, మొగుడు సచ్చిపోయినాడు, ఆ దేశంలో సాకేవాళ్ళు ఎవురూ లేరు అని. వకీలు మంచి మాటే సెప్పినాడంట, తప్పేమీ సేయకుండా కుదురుగా ఉంటే రెండు మూడేండ్లలో వస్తాదని. ఆ పొద్దు నుంచి ఆమె సాలె అంగట్లో దారం కొన్నా సిల్లర రెండుసార్లు ఎంచి, ఎక్కువొస్తే ఎనక్కిచ్చేది. తప్పు సేయగూడదు గదా.

ఇప్పుడు నా సంగతి రవంత సెప్పాల. సెప్పకపోతే తరవాత జరిగింది అర్థం కాదు.

మా తాత మాలపల్లెలో ఉండంగానే ఏసును నమ్ముకొన్నాడు. మా నాయన పేరు జయరత్నం, మిషన్ ఆస్పత్రి తోటలో పని. నేను పుట్టినప్పుడే పాస్టరయ్య అహరోను అని పేరు పెట్టినాడు. అయితే కాయితంలో కిరస్తానం అని రాస్తే మాకు మాలోళ్ళకిచ్చే హాస్టలు సీటు, స్కాలర్‌షిప్పు ఉండవు. గుడి మారినంత మాత్రాన ఊరి టీ అంగట్లో మాకని ఏరే పెట్టిన గ్లాసు ఏమన్నా లోపలికొచ్చిందా? రాల్యా. అది అట్లే సూరులో ఉండాది. కాయితం మాత్రం మేము మారిపోయినామంటాది. అందుకని మాలో అందరూ సేసేదే నేనూ సేసినా. నా కూతురు ఇందిర అయిదు పాసైనప్పుడు కరణం పాపయ్య తావకు పోయి హిందూ అని రాయించినా. నా పేరు ఆదెన్న అని రాయించినా. ఆదివారం అహరోను, తక్కిన ఆరు దినాలు ఆదెన్న. దీన్ని మాలో ఎవురూ అబద్ధం అనుకోరు. కాయితానికి ఏం కావాల్నో అది సెప్తాము, సెప్పి ఇంటికొచ్చి మన ప్రార్థన మనం సేసుకొంటాము. పాస్టరయ్యకూ తెలుసు.

షంషాదక్కకు సెప్తే సక్రం ఆగిపోయేటంత నవ్వింది. అప్పట్నుంచి పొద్దున షెడ్డులోకి రాంగానే, "క్యా రే, ఈ పొద్దు ఎవురు పనికొచ్చింది? అహరోనా, ఆదెన్నా?" అని అడిగేది. "కూలి ఎవురికియ్యాల?" అనేది.

డెబ్బై ఏడు ఆఖర్లో ఓట్ల లిస్టు రాసేదానికి రాజగోపాల్ అని ఎలిమెంటరీ స్కూలు అయ్యవారు కొత్తిండ్ల సందులోకి వచ్చినాడు. ఆ పొద్దు గూళ్ళు దొరక్క షెడ్డు బందు. బాబ్జాన్ పెండ్లాన్ని పిల్సుకొని కుప్పం పోయుండాడు. ఆమెకు తెలుగు మాట వచ్చు గానీ సదవడం రాదు, ఉర్దూనే. అందుకని నన్ను కేకేసింది. నేను పోయేతలికి అయ్యవారు గడప కాడ నిలబడి, పలక మాదిరి అట్ట మింద కాయితాలు పెట్టుకొని రాస్తాండాడు. బాబ్జాన్ పేరు, పెండ్లాం అజీజాబీ పేరు రాసినాడు.

"ఈమె ఎవురు?" అన్నాడు.

"బాబ్జాన్ అక్క సార్," అన్నా.

"ఎప్పట్నుంచి ఈడుండాది? ఈ ఊరేనా?"

షంషాదక్క నోరు తెరిసింది. "సార్, నేను..." అన్నింది. నిజం సెప్పేదానికే తెరిసింది. నాకు తెలుసు. ఆ వకీలు సెప్పిన మాట ఆమె మెదడులో మేకు మాదిరి దిగుండాది.

నేను అడ్డం పడినా. "ఈడ్నే పుట్టింది సార్, ఈడ్నే ఉండాది. యాడికీ పోల్యా. మొగుడు సచ్చిపోతే తమ్మునింట్లో ఉండాది, రాసుకోండి," అన్నా.

అయ్యవారికి ఇంకా నలభై ఇండ్లుండాయి. రాసుకొని, ఈడ సంతకం అన్నాడు. ఆమె నా మొగం సూసింది. నేను తల ఊపినా. ఉర్దూలో పేరు రాసింది. అయ్యవారు పోయినాడు.

"అది అబద్ధం గదా అహరోనూ?"

"కాయితానికి అబద్ధమేందక్కా? లిస్టులో పేరుంటే రేపు దరఖాస్తుకు బలం. ఓటుండే మనిసిని ఎవురన్నా పరాయి దేశమంటారా?"

"నక్కో అప్పా. నాకు బయమైతాది."

"నా ఇందిర సూడు, అట్ల రాయిస్తేనే గదా హాస్టల్లో సదువుతాండాది. ఏమైంది? ఏమీ కాల్యా."

నా తెలివి అంత. మా కాయితం అబద్ధం మమ్మల్ని లోపలికి తీస్తాది, ఆమె కాయితం అబద్ధం ఆమెను బయటికి తోస్తాదని నాకు తెలీల్యా. పచ్చ పుస్తకం ఉండే మనిసికీ నాకూ ఉండే తేడా అయిదు సదివిన నాకేం తెలుస్తాది? తెలీనప్పుడు నోరు మూసుకోనుండాల. మూసుకోల్యా.

డెబ్బై ఎనిమిది ఎలక్షన్‌లో ఆమె ఓటేసింది. పొద్దున్నే తలంటుకొని, రజియా పెండ్లికి కొన్న సీర కట్టుకొని, అందరికంటే ముందు పోయి వరసలో నిలబడిందంట. బూతులో పేరు సదివితే, "హాజిర్ సార్," అన్నిందంట బడిపిల్ల మాదిరి. వరసంతా నవ్వినారని అజీజాబీ సెప్పింది. షెడ్డుకొచ్చి ఎడమసేయి సూపుడువేలు నాకు సూపించింది. గోరు పక్కన నల్లగా సిరా.

రెండు దినాలు ఆ సెయ్యి తొట్టిలో పెట్టల్యా. ఒక్క కుడిసేత్తోనే పోగులు తీసింది. పోగు మాటిమాటికీ తెగతా ఉండె. నేను సక్రం ఆపతా, తిప్పతా ఉంటి. మూడో దినం ముక్తియార్ సాయిబు అరిసినాడు. "ఏం షంషాద్‌బీ, ఒంటిసేత్తో అన్నం తిన్నట్ల తీస్తే పట్టొస్తాదా?" అని. పెట్టింది. ఆ మాపటికే తోలు ఊడొచ్చింది, సిరాతో గూడా. తోలు పొర అరసేతిలో పెట్టుకొని రవంత సేపు సూసింది. మళ్ళా తొట్టి పక్కన రాల్సేసింది.

అంతే ఆమెకు ఈ దేశమిచ్చింది. ఒక పొర.

డెబ్బై తొమ్మిదిలో దరఖాస్తు మింద విచారణ అని మఫ్టీలో ఒక మనిసి వచ్చినాడు. సందులో అందర్నీ అడిగినాడు, అందరూ మంచే సెప్పినారు. ఆయప్ప ఓట్ల లిస్టు గూడా తీసి సూసినాడు. నెలకు కాయితం వచ్చింది. విదేశీ మనిసై ఉండి, తప్పుడు సమాచారమిచ్చి ఓటర్ల లిస్టులో చేరి, ఓటు ఏసింది, దీనికి ఏమంటావు అని. బాబ్జాన్ ఆ కాయితం తెచ్చి నాతోనే సదివించుకొన్నాడు. కడదాకా సదివి, మడిసి ఎనక్కిచ్చినా.

"ఎవురు సెప్పినారో ఆ అయ్యవారికి!" అని బాబ్జాన్ నెత్తి కొట్టుకొన్నాడు. "అక్క సెప్పదు. అక్కకు అబద్ధం రాదు. ఎవురైనా దుష్మన్ సెప్పినాడేమో అహరోనూ."

షంషాదక్క వాకిట్లో కూసోని బియ్యంలో రాళ్ళు ఏరతాండాది. నా పక్క సూడల్యా.

ఎనబైలో ఢిల్లీ ఎలక్షన్ వచ్చింది. ఆమె గడప దాటల్యా. ఆ ఎండాకాలం మదనపల్లెలో పెద్దాపీసుకు విచారణకు రమ్మన్నారు. నన్నూ రమ్మన్నారు. రాజగోపాలయ్యవారు అప్పటికి బైరెడ్డిపల్లెకు ట్రాన్స్‌ఫర్ అయినాడు. "ఇంటి కాడ షెడ్డులో పనిసేసే మనిసి ఒకాయన ఉండె, ఆయన సెప్పిందే రాసినా, పేరు తెలీదు" అని రాసిచ్చినాడంట. షెడ్డులో ఆమెతో పనిసేసేది నేను గదా, అందుకని పేరు రాయకుండా నాకు సమను.

ఆ సమనుకు వారం ముందరే ఇందిరకు నర్సు ట్రైనింగు సీటు వచ్చింది. మాల కోటాలో. సర్టిఫికెట్లు ఇంగొకసారి తనికీ సేస్తారని జాబులో రాసుండాది.

బస్సులో బాబ్జాన్, షంషాదక్క ముందు సీట్లో, నేను ఎనక. మళ్ళా ఆమె వీపే. నేను తయారై పోయినా, ఒట్టు. సెప్పేస్తాను, నేనే సెప్పినా సార్, ఆమె తప్పేమీ ల్యా అని సెప్తాను. దోవంతా ఆ మాటలే నోట్లో తిప్పుకొంటా పోయినా.

ఆఫీసరు కోస్తా మనిసి, నెమ్మదస్తుడు. కుర్చీ ఎయ్యమన్నాడు షంషాదక్కకు. ఆయన పక్కన టైపు మిషన్ ముందర సుబ్బరాయుడని గుమాస్తా. ఆ సుబ్బరాయుణ్ని సూసినంతట్లో గుర్తుపట్టినా. ఇందిర సర్టిఫికెట్ మింద ముద్ర ఏయించుకొనేదానికి రెండేండ్ల ముందర ఈ మనిసి ముందరే నిలబడినా. ఆదెన్నగా.

"చూడమ్మా," అన్నాడు ఆఫీసరు. "నీ దరఖాస్తులో అన్నీ బాగానే ఉన్నాయి. ఈ ఒక్కటే అడ్డం. ఎవరో పక్కింటివాళ్ళు తెలియక చెప్పి ఉంటే అది వేరు, నేను అలాగే రాస్తాను. నువ్వే చెప్పి ఉంటే మాత్రం నా చేతుల్లో ఏమీ ఉండదు."

మళ్ళా నా పక్క తిరిగినాడు.

"నీ పేరేమిటయ్యా?"

నేను నిలబడినా. సుబ్బరాయుడు వేళ్ళు టైపు మిషన్ మింద పెట్టి నా మొగం సూస్తాండాడు. యాడో సూసినట్లుండాదే అన్నట్ల.

"పేరు చెప్పడానికి ఇంతసేపా?"

"ఆదెన్న సార్."

షంషాదక్క తల తిప్పి నన్ను సూసింది. ఆ ఒక్క పేరుతో ఆమెకు అంతా అర్థమైపోయింది. పదిహేనేండ్లు నేను ఆమె వీపు సూసి పోగు తెగింది తెల్సుకొన్నట్ల, ఆమె నా గొంతు ఇని తెల్సుకొనింది.

"లిస్టు రాసిన రోజు నువ్వు అక్కడున్నావా? ఈమె ఇక్కడే ఉందని చెప్పింది నువ్వేనా?"

ఒక కాయితంలో అబద్ధం సెప్పిన మనిసని తేలితే, ఇందిర కాయితం గూడా తీసి సూస్తారు. ఇందిర తెల్ల గౌను కొలతలకు టైలరు తావకు పోయుండాది ఆ పొద్దు. అది మాత్రం గేపకం.

"నేను ఆడ ల్యా సార్," అన్నా.

"మరెవరు చెప్పారు?"

"నేనే సార్," అన్నింది షంషాదక్క. కుర్చీలోంచి లేసి నిలబడింది. "ఆయప్ప ల్యాడు. నేనే సెప్పినా. ఓటు ఆశతో సెప్పినా."

టైపు మిషన్ టకటకా కొట్టుకొనింది. కింద ఆమెతో ఏలిముద్ర గూడా ఏయించినారు. మచ్చ పడింది.

బయట బాబ్జాన్ కుళాయి కాడ కూలబడి ఏడుస్తాండాడు, "యాల అట్ల సెప్పినావక్కా, యాల సెప్పినావు?" అని. ఆమె కొంగుతో వాని మొగం తుడిసింది. నా పక్క తిరిగి, "ఇందిర కోర్సు ఎన్నేండ్లు అహరోనూ?" అన్నింది.

"రెండేండ్లక్కా."

"సరే పో," అన్నింది. అంతే, ఆ సంగతి మళ్ళా ఎప్పుడూ ఎత్తల్యా.

దరఖాస్తు కొట్టేసినారు. దేశం ఇడిసి పొమ్మని కాయితం. బాబ్జాన్ ఇంగో వకీలును పెట్టినాడు, అర్జీలు రాయించినాడు. అట్ల ఒక ఏడు నెట్టుకొచ్చినారు. ఆ ఏడంతా ఆమె ఎనకాలే నిలబడి సక్రం తిప్పినా. పోగు తెగితే ఆపినా. ఆ ఏడు మంచి శుక్రవారం గుడికి పోల్యా. ఏసును ఎరగనని బొంకిన పేతురు కత సదవతారని తెలుసు.

ఇందిర ట్రైనింగు మొదలై ఏడాది అయితాదనంగా, సర్టిఫికెట్ల తనికీ ముగిసిందని అది జాబు రాసింది. అప్పుడు పోయినా నేను మదనపల్లెకు. నా నిజం అప్పటికి బయటికొచ్చింది, బిడ్డ కాయితం గట్టి అయినాక. ఆ ఆఫీసరు ల్యాడు, మారిపోయినాడు. సుబ్బరాయుడే ఉండాడు. అంతా సెప్పినా. నిదానంగా ఇన్నాడు.

"ఫైలు హైదరాబాదు పోయి, ఆడ్నుంచి ఢిల్లీ పోయింది ఆదెన్నా. ఇప్పుడు నువ్వు సెప్తే అది ఎనక్కి రాదు, నువ్వు లోపలికి పోతావు," అన్నాడు. మళ్ళా గొంతు తగ్గించి, "నీకు కూతురుండాల గదా," అన్నాడు.

ఎనబై ఒకటి ఆగస్టులో పంపించినారు. పాకిస్తానోళ్ళు గూడా మా మనిసే అని ఒప్పుకొని కొత్త పుస్తకమిచ్చినారంట. రెండు దేశాలు ఎప్పుడూ దేనికీ ఒప్పుకోవు గదా, ఈమెను తోసేసేదానికి మాత్రం ఒప్పుకొన్నాయి. కుప్పంలో రైలెక్కించి మద్రాసు, ఆడ్నుంచి ఢిల్లీ, ఆడ్నుంచి బార్డరు. గురప్పే తోడు. పలమనేరు, వీ.కోట మింద బస్సులో పోయినాం. దోవలో గురప్ప ఆమెకు ఉడకబెట్టిన శెనక్కాయలు కొనిచ్చినాడు.

రజియా రెండో కానుపు బిడ్డను ఎత్తుకొని స్టేషన్‌కు వచ్చింది. షంషాదక్క ఆ బిడ్డను సూసింది అదే మొదలు. రజియా ఇల్లు స్టేషన్‌కు అర మైలు. పందొమ్మిదేండ్లలో రాని కుప్పం, పోతాపోతా వచ్చింది.

"కుప్పం బాగుండాదే. ముందే పంపించుంటే సరిపోయుండు," అన్నింది. ఎవురూ నవ్వల్యా. గురప్ప తల అవతలికి తిప్పుకొన్నాడు.

బాబ్జాన్ నా రెండు సేతులు పట్టుకొన్నాడు. "అందరూ తప్పుకొన్నారు అహరోనూ. నువ్వొక్కడే కడదాకా మా అక్కకు తోడు నిలబడినావు. నీ రుణం తీర్సుకోలేను," అన్నాడు. షంషాదక్క కిటికీలోంచి సూస్తాండాది. నేను నోరు తెరిస్తి. ఆమె భుజం ఎత్తింది. రవంతే, పోగు తెగినప్పుడు ఎత్తినట్ల. నేను ఆపేస్తి.

రైలు కదిలేటప్పుడు, "పనికి పో, సాయిబు అరుస్తాడు," అన్నింది నాతో. అదే ఆఖరు మాట.

బాబ్జానుకు ఒకటే జాబు వచ్చింది, ఉర్దూలో, వాడే సదివి సెప్పినాడు. మొగుని అన్న కొడుకులు ఒక గది ఇచ్చినారని, ఆడ పట్టు పని లేదని, వేళ్ళకు మళ్ళా గీతలు వస్తాండాయని రాసింది. తరవాత రాల్యా. ఉండాదో ల్యాదో తెలీదు.

ఇందిర ఇప్పుడు గవర్మెంటు నర్సు. ముద్దర్లు, సంతకాలు, అన్నీ దానికి కుదిరినాయి. దానికి ఈ కత నేను సెప్పల్యా. బాబ్జానుకూ సెప్పల్యా. వాడు తెలుగు సదవలేడు, అయితే ఎవురో ఒకరు సదివి సెప్తారు. సెప్పనీ. అందుకే రాస్తాండాను.

ఎనబై మూడు జనవరిలో మళ్ళా ఎలక్షన్ వచ్చింది. పార్టీవాళ్ళు ఇంటింటికీ ఓటు సీటీలు పంచతా పోయినారు. మాపటికి బాబ్జాన్ మా ఇంటికొచ్చినాడు, సేతిలో మూడు సీటీలు. రెండు వాడిదీ, అజీజాబీదీ. మూడోది నాకిచ్చినాడు సదవమని.

షంషాద్‌బీ, ఆడ, ఏబై ఏండ్లు, ఇంటి నెంబరు. కొట్టేయల్యా. ఏ పేరు కోసమని మనిసిని దేశం దాటించినారో ఆ పేరు అట్లే ఉండాది.

బాబ్జాన్ సీటీని మడిసి జేబులో పెట్టుకొన్నాడు.

మరుసటి దినం బూతు కాడికి నేను మధ్యాన్నం పోయినా. నా పేరు ఆదెన్న, దిద్దుకొన్నారు, వేలికి సిరా పెట్టినారు. ఓటేసి వస్తా, లిస్టు పెట్టుకొని కూసున్న అయ్యవారిని అడిగినా. "సార్, కొత్తిండ్ల సందు, షంషాద్‌బీ అని..."

ఆయన వేలు పెట్టి ఎతికినాడు. "పడిపోయిందే. పొద్దున ఎనిమిదింటికే పడిపోయింది. ఏం, నీకేమైతాదామె?"

ఎవురో ఆమె ఓటు ఏసిపోయినారు. ఎవురో ఒకామె ఆమె పేరుకు పలికింది.

షెడ్డుకు పోయినా. సెలవు, ఎవురూ ల్యా. పొయ్యి ఎలిగించి ఆమె తొట్టిలో నీళ్ళు కాంచి, వేలు పెట్టినా. నేను సక్రం తిప్పేవాణ్ని, నా సెయ్యి ఎప్పుడూ ఉడుకు నీళ్ళు సూడల్యా. సురుక్కున కాలింది. తీయల్యా. ఎంతసేపు పెట్టినా సిరా పోల్యా. నా వేలికి గీతలుండాయి గదా, వాటిల్లోకి దిగి కూసోనుండాది.